పాపసంకీర్తనం: ఎక్కడ చేయవచ్చు, ఎప్పుడు చెల్లుతుంది?

పాపసంకీర్తనం అంటే కతోలికులు గురువు (ఫాదర్) ముందు తమ పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందే సంస్కారం, అదే కన్ఫెషన్. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో విజయవాడ గుణదల మేరీమాత తిరునాళ్ళకు వెళ్ళొచ్చినవాళ్ళలో కొందరిని ఒక సందేహం పీకుతూ ఉంటుంది. "గుళ్ళో కన్ఫెషన్ బాక్స్‌లో కాదండీ, బయట కుర్చీ వేసుకుని కూర్చున్న ఫాదర్‌గారి దగ్గర చేశాను. చెల్లుతుందా?" నిశ్చింతగా చెల్లుతుంది. అదే మనిషి సొంత విచారణ (పారిష్) గుడిలో, బాక్స్ ముందే మోకరించి, చెప్పాల్సిన పెద్ద పాపాన్ని కావాలని మింగేసి వచ్చాడనుకోండి, అది చెల్లదు. అయినా ఈ రెండోదాని గురించి అడిగేవాళ్ళు అరుదు. అందుకే ఇక్కడ చోటు సంగతి తర్వాత చెబుతాను. వినేవారెవరు, మీరు చెప్పేదేమిటి అన్నవి ముందు తేల్చుకుందాం.

వినేది గురువేనా?

పాపసంకీర్తనం వినగలిగేది గురుపట్టం పొందినవారే. మేత్రాణులు (బిషప్‌లు) కూడా వినవచ్చు. గురుపట్టానికి కింది మెట్టులో ఉన్న డీకన్‌గారు వినకూడదు. ఇంకా సెమినరీలో చదువుతున్న బ్రదర్‌గారు, సిస్టర్‌గారు, ఉపదేశిగారు కూడా అంతే. మన పల్లెల్లో ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. విచారణ కేంద్రానికి దూరంగా ఉన్న సబ్‌స్టేషన్లలో ఆదివారం ప్రార్థన నడిపేది ఉపదేశిగారే, ఊరందరి మంచిచెడ్డలూ ఆయనకే తెలుసు. ఆయన దగ్గర మనసు విప్పుకోండి, సలహా అడగండి, తప్పులేదు. క్షమాపణ వాక్యం పలికే అధికారం మాత్రం ఆయనకు లేదు. ఫాదర్‌గారు పూజకు (మాస్‌కు) వచ్చే రోజు తెలుసుకుని, పూజకు అరగంట ముందే అక్కడుండండి.

గురుపట్టం ఒక్కటే చాలదు, వినడానికి అనుమతి కూడా ఉండాలి. విచారణ గురువుకు ఆ పదవితోనే అది వస్తుంది. మిగతా గురువులకు మేత్రాణులు రాతపూర్వకంగా ఇస్తారు. తన మేత్రాసనంలో (డయోసిస్‌లో) ఆ అనుమతి ఉన్న గురువు ప్రపంచంలో ఎక్కడైనా వినవచ్చు, అక్కడి మేత్రాణులు వద్దంటే తప్ప. కాబట్టి గుంటూరు మేత్రాసనం గురువు కృష్ణ దాటి వచ్చి విజయవాడలో విన్నా, కేరళ నుంచి వచ్చిన సిరో మలబార్ (తూర్పు ఆచారపు కతోలిక శాఖ) గురువు విన్నా మీకు బెంగ అక్కర్లేదు. ఏ గురువు దగ్గర చేయాలో ఎంచుకునే స్వేచ్ఛ మీదే. సొంత విచారణ గురువుకు మొహం చూపించలేననుకుంటే బస్సెక్కి పక్క ఊరు వెళ్ళండి, ఎవరూ తప్పుపట్టరు. నన్నడిగితే, ఏళ్ళ తరబడి ఆగిపోవడం కన్నా పక్క ఊరు ఎంతో నయం.

మరి అనుమతి కార్డు చూపించమని అడగాలా? వద్దు. గుడిలో వినడానికి కూర్చున్న గురువుకు అనుమతి ఉందని జనమంతా నమ్మినప్పుడు, ఆ అనుమతిలో ఏదైనా లోపం ఉన్నా తిరుసభే (కతోలిక సంఘమే) దాన్ని భర్తీ చేస్తుంది. సంఘచట్టంలో (కేనన్ లాలో) 144వ నిబంధన ఉన్నది అందుకే. అయితే అసలు గురుపట్టమే లేని మోసగాడి విషయంలో భర్తీ చేయడానికి ఏమీ ఉండదు. అలా మోసపోయామని తెలిస్తే నిజమైన గురువు దగ్గర మళ్ళీ చేసుకోండి. మీ పశ్చాత్తాపాన్ని దేవుడు చూడకుండా పోడు.

మన ప్రాంతంలో ఒక్కో ఇంట్లో రెండు మూడు సంఘాలవాళ్ళుంటారు. గుంటూరు లూథరన్‌లకు కేంద్రం, విజయవాడలో సిఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళు ఎక్కువ. మీ మావగారు పాస్టరైతే ఆయన చేసే ప్రార్థన మీకు బలాన్నిస్తుంది. అది కతోలిక దివ్యసంస్కారం మాత్రం కాదు. అలాగే గుణదల కొండకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చే హిందువులు కూడా లైన్లో నిలబడతారు. జ్ఞానస్నానం లేనివారికి ఈ సంస్కారం ఇవ్వడం కుదరదు. ఫాదర్‌గారితో మాట్లాడి దీవెన తీసుకోవచ్చు. వాళ్ళు మీ వెంట వచ్చినవాళ్ళయితే లైన్లోకి పంపేముందే ఆ మాట చెప్పండి, అక్కడిదాకా వెళ్ళి వాళ్ళు చిన్నబుచ్చుకోకుండా.

ఇంకో రెండు సంగతులు గబగబా. గర్భస్రావం చేయించుకున్నవాళ్ళు మేత్రాణుల దగ్గరికే వెళ్ళాలన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. 2016 నవంబరులో పోపు ఫ్రాన్సిస్ ఆ అధికారాన్ని గురువులందరికీ ఇచ్చేశారు. మీ విచారణ గురువు చాలు. రెండోది: ఆరవ ఆజ్ఞకు విరుద్ధమైన పాపాన్ని (వ్యభిచారం లాంటి లైంగిక పాపాన్ని) ఎవరైనా ఒక గురువుతోనే కలిసి చేసి ఉంటే, ఆ పాపానికి ఆ గురువిచ్చే క్షమాపణ చెల్లదు. ప్రాణాపాయంలో ఉన్నప్పుడు తప్ప. వేరే గురువు దగ్గరికే వెళ్ళాలి.

చెప్పేముందు, చెప్పేటప్పుడు

ముందు ఆత్మశోధన. పది ఆజ్ఞలను ఒక్కొక్కటిగా తలుచుకుంటూ, పోయినసారి చేసిన పాపసంకీర్తనం నాటినుంచి వెతుక్కోండి. గుర్తుండదనుకుంటే కాగితం మీద రాసుకుని చదవండి, ఇంటికొచ్చాక చింపేయండి. ఉపవాసం ఉండి వెళ్ళాలనుకునే పెద్దవాళ్ళున్నారు. గంట ఉపవాసం దివ్యసత్ప్రసాదానికే (కమ్యూనియన్‌కే), దీనికి కాదు. ఇడ్లీ తిని వెళ్ళినా పరవాలేదు.

చావైన పాపాలన్నీ, అంటే తెలిసి కావాలని చేసిన పెద్ద పాపాలన్నీ, చెప్పాలి. ఏ రకం పాపమో, ఎన్నిసార్లు చేశారో చెప్పాలి. ఖచ్చితమైన లెక్క తెలియకపోతే ఇంచుమించుగా చెప్పండి. గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే మనిషిని ఊహించుకోండి. "వ్యాపారమన్నాక ఏవో తప్పులు జరుగుతుంటాయి ఫాదర్" అంటే ఆయన ఏమీ చెప్పనట్టే. "కాటాలో మోసం చేశాను ఫాదర్. సీజనంతా, వారానికి రెండు మూడుసార్లు. రైతులు చాలామంది నష్టపోయారు." ఇదీ చెప్పడమంటే. ఎవరి దగ్గర ఎంత అన్న కథంతా అక్కర్లేదు. అడగాల్సింది ఫాదర్‌గారే అడుగుతారు. అయితే ఈ మనిషికి చిక్కు ఆ తర్వాత వస్తుంది. తీసుకున్న డబ్బు తిరిగిచ్చే ఉద్దేశం అతనికి ఉండాలి. ఆ రైతులు ఎవరో తెలియకపోతే ఎలా తీర్చాలో ఫాదర్‌గారినే అడగాలి. "క్షమాపణా కావాలి, డబ్బూ ఉంచుకుంటాను" అంటే మనస్తాపం (చేసిన పాపానికి నిజమైన పశ్చాత్తాపం) లేదన్నమాట. మనస్తాపం లేనిదే క్షమాపణ వాక్యం పలికినా పనిచేయదు.

మళ్ళీ చేయకూడదన్న నిర్ణయం కూడా అలాంటిదే. మళ్ళీ పడిపోతానేమోనన్న భయం వేరు, మానే ఉద్దేశమే లేకపోవడం వేరు. మొదటిది అందరికీ ఉంటుంది, అది అడ్డు కాదు. గుడిలో పెళ్ళి కాకుండా రిజిస్టర్ పెళ్ళితోనో, గుళ్ళో పెట్టుకుంటామంటూ వాయిదా వేస్తూనో కలిసుంటున్నవాళ్ళు ముందు విచారణ గురువుతో విడిగా మాట్లాడండి. ఆ సంగతి లైన్లో నిలబడి రెండు నిమిషాల్లో తేలదు. చాలావరకు పెళ్ళిని సరిచేసుకునే దారి ఉంటుంది.

నరకం భయంతో కలిగిన పశ్చాత్తాపమైనా ఈ సంస్కారానికి చాలు. దేవుడి మీద ప్రేమతో కలిగే ఉత్తమ మనస్తాపం ఉంటే మరీ మంచిది. అది ఎంత గొప్పదో చివర్లో చెబుతాను.

వేరేవాళ్ళ పాపాలు మాత్రం చెప్పకండి. మా ఆడపడుచు ఇలా, మా బావ అలా అంటూ సాగదీస్తే వెనక లైన్ పెరిగిపోతుంది, ఫాదర్‌గారికి మీ పాపమేదో ఇంకా తెలియదు. మర్చిపోయిన పాపం ఇంటికెళ్ళాక గుర్తొస్తే కంగారుపడి పరుగెత్తక్కర్లేదు. అదీ క్షమించబడింది. అది చావైన పాపమైతే పైసారి చెప్పండి. కావాలని దాచినదే మొత్తాన్ని చెల్లకుండా చేస్తుంది.

చివర్లో మీరు ఉత్తమ మనస్తాప ప్రార్థన చెబుతారు. ఫాదర్‌గారు చెయ్యి చాపి క్షమాపణ వాక్యం పలుకుతారు. పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున నీ పాపాలను నేను క్షమిస్తున్నాను అన్నదే అందులో అసలు భాగం. మంచి సలహా ఇచ్చి, దీవించి, ఆ వాక్యం పలకకుండా లేచారనుకోండి, అడగండి: "ఫాదర్, క్షమాపణ వాక్యం చెప్పలేదు." మొహమాటం వద్దు. ఆ వాక్యం లేనిదే అక్కడ జరిగింది మాటామంతీ మాత్రమే.

ఇక చోటు

మామూలుగా చేయాల్సిన చోటు గుడి, లేదా మఠంలోనో ఆసుపత్రిలోనో ఉండే ప్రార్థనాలయం. అక్కడ అందరికీ కనిపించే చోట, గురువుకూ మీకూ మధ్య కదలని జాలీ ఉన్న కన్ఫెషన్ బాక్స్ ఒకటి ఉండాలని సంఘచట్టం 964వ నిబంధన చెబుతుంది. మొహం కనిపించకుండా చెప్పుకోవాలనుకునేవారికి అది హక్కు. గురువు కూడా తాను జాలీ అవతలే ఉంటానని పట్టుబట్టవచ్చు, అదీ చట్టమే. మీ గుడిలో బాక్స్ స్టోర్ రూములా మారి, మైకు స్టాండ్లూ పాత పూలకుండీలూ అందులో చేరితే విచారణ సంఘం సమావేశంలో ఆ మాట ఎత్తండి.

ఇంతకీ ఈ పెట్టె క్రీస్తు నాటిది కాదు. 16వ శతాబ్దంలో మిలాన్ అగ్రపీఠాధిపతి పునీత చార్లెస్ బొరోమియో తన మేత్రాసనంలో దాన్ని తప్పనిసరి చేశాక అది క్రమంగా అంతటా పాకింది. అంతకుముందు గురువు గుడిలో బల్ల మీద కూర్చుంటే పక్కన మోకరించి చెప్పుకునేవారు. ఏటా కనీసం ఒక్కసారి చేయాలన్న నియమం మాత్రం పెట్టె కన్నా పాతది, 1215 నాటి నాలుగో లాతరన్ మహాసభది.

సరైన కారణం ఉంటే బాక్స్ బయట వినవచ్చు. తిరునాళ్ళ జనం సరైన కారణమే. గుడి లేని సబ్‌స్టేషన్‌లో వేపచెట్టు కింద, స్కూలు వరండాలో వినడం, మంచం దిగలేని పెద్దావిడ ఇంటికి వెళ్ళడం కూడా అంతే. చెవుడున్న తాతగారు బాక్స్‌లో గట్టిగా మాట్లాడితే ముందు బెంచీలదాకా వినబడుతుంది. ముందే చెబితే ఫాదర్‌గారు పక్క గదికి తీసుకెళ్తారు, తలుపు తెరిచో అద్దం తలుపు ఉన్న గదిలోనో కూర్చుంటారు. పిల్లలకు కూడా అలాంటి కనిపించే చోటే మంచిది.

సరైన కారణం లేకుండా బయట విన్నారనుకోండి. బీసెంట్ రోడ్డులో నడుస్తూనో, విజయవాడ స్టేషన్ ప్లాట్‌ఫాం మీద రైలు కోసం చూస్తూనో. క్రమశిక్షణ తప్పినట్టు కావచ్చు గానీ, అనుమతి ఉన్న గురువు, సరైన మనస్తాపం, క్షమాపణ వాక్యం ఉంటే అది చెల్లుతుంది. చోటు గురించిన నియమం గౌరవం కోసం, రహస్యం కోసం. అలాగని రోడ్డు మీద కనబడ్డ ఫాదర్‌గారిని ఆపి అడగకండి. "రేపు గుడిలో ఎప్పుడుంటారు ఫాదర్?" అంటే చాలు.

పూజ జరుగుతుండగా, పూజ చేయని ఇంకో గురువు అదే గుడిలో వినవచ్చు. మంచి శుక్రవారం (గుడ్ ఫ్రైడే) పూజ ఉండదు కానీ పాపసంకీర్తనం ఉండవచ్చు. నిజానికి మట్టల ఆదివారం తర్వాత వారమంతా లైన్లు పొడవుగానే ఉంటాయి. వీలైతే తపస్సు కాలం (లెంట్) మొదటి వారాల్లోనే చేసేసుకోండి.

జనం ఎక్కువని అందరికీ కలిపి ఒకేసారి క్షమాపణ ఇచ్చేయవచ్చుగా అనేవాళ్ళున్నారు. కుదరదు. పెద్ద పండుగకో యాత్రకో జనం ఎక్కువ వచ్చారన్న ఒక్క కారణం చాలదని 961వ నిబంధన స్పష్టంగా చెబుతుంది. ప్రాణాపాయమో, మేత్రాణులు గుర్తించిన తీవ్ర అవసరమో ఉండాలి. అప్పుడు కూడా చావైన పాపాలను తర్వాత విడిగా చెప్పుకునే ఉద్దేశం ఉంటేనే చెల్లుతుంది.

ఫోన్‌లో చెల్లదు

కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు, కూతురు అమెరికాలో ఉంది, ఇక్కడి ఫాదర్‌గారికి వాట్సాప్ వీడియో కాల్ చేసి చేసుకుంటానంటారు. వద్దు. ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు ఉండాలి. ఇది ఫోన్లు వచ్చాక పుట్టిన నియమం కాదు. దూరంగా ఉన్న గురువుకు ఉత్తరం ద్వారానో మనిషి ద్వారానో పాపాలు చెప్పి క్షమాపణ పొందవచ్చన్న వాదాన్ని 8వ క్లెమెంట్ పోపు 1602లోనే తోసిపుచ్చారు. ఇంటర్నెట్‌లో దివ్యసంస్కారాలు ఉండవని 2002లో వాటికన్ మళ్ళీ చెప్పింది. 2020 లాక్‌డౌన్‌లో గుళ్ళు మూసేసినప్పుడు కూడా ఫోన్‌లో క్షమాపణకు వాటికన్ తలుపు తెరవలేదు. ఫోన్‌లో సలహా అడగవచ్చు, కలిసి ప్రార్థించవచ్చు. క్షమాపణకు వాళ్ళున్న ఊళ్ళో గురువును వెతుక్కోమనండి. భాష రాకపోతే మధ్యవర్తి ద్వారా చెప్పుకోవచ్చు, ఆ మధ్యవర్తి కూడా విన్నది బయటపెట్టకూడదు.

గురువు ఈ రహస్యాన్ని ఏ కారణంతోనూ విప్పకూడదు. కోర్టు అడిగినా, ప్రాణం మీదికొచ్చినా. తెలిసే నేరుగా బయటపెడితే ఆ క్షణమే వెలి పడుతుంది. పాపసంకీర్తనాన్ని రికార్డు చేయడం కూడా, చేసింది మీరైనా సరే, సంఘచట్టం దృష్టిలో శిక్షార్హమైన నేరం. ఈమధ్య గుళ్ళలో సీసీ కెమెరాలు పెరిగాయి. బాక్స్ దగ్గర కెమెరా కనబడితే, అది మాటలు కూడా రికార్డు చేస్తుందేమో విచారణ సంఘాన్ని అడగండి. మీ జేబులో ఫోన్‌ను కూడా ఆపేయండి.

ఆసుపత్రిలో

ఐసీయూలో మనవాళ్ళుంటే ఆలస్యం చేయకండి. "ఫాదర్‌గారిని పిలిస్తే అమ్మ భయపడుతుంది" అని ఆపి, స్పృహ పోయాక పిలిచేవాళ్ళే ఎక్కువ. మాట్లాడగలిగినప్పుడే పిలిస్తే ఆమె తన పాపాలు తాను చెప్పుకోగలుగుతుంది. ఆ తర్వాత వ్యాధిగ్రస్తుల అభ్యంగనం (నూనె పూసి ప్రార్థించే సంస్కారం), దివ్యసత్ప్రసాదం. మీ విచారణ గురువు నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి. మీ ఊరు దూరమైతే ఆసుపత్రికి దగ్గరలో ఉన్న విచారణకు ఫోన్ చేయండి. కొన్ని ఆసుపత్రులను సిస్టర్లు నడుపుతారు, వాళ్ళను అడిగితే గురువును పిలిపిస్తారు. ఐసీయూలో కాసేపు ఏకాంతం కావాలని నర్సుకు ముందే చెప్పండి. మీరు తెర అవతలికి వచ్చేయండి.

ప్రాణాపాయంలో గురువు అనుమతి గురించిన నియమాలు సడలుతాయి. అనుమతి లేని గురువైనా, గురుత్వం వదిలేసి పెళ్ళి చేసుకున్న మాజీ గురువైనా సరే, చావుబతుకుల్లో ఉన్న మనిషి పాపాలను క్షమించగలరు, అది చెల్లుతుంది. పక్కనే అనుమతి ఉన్న గురువు ఉన్నా కూడా. పక్క వార్డులో అలాంటి మనిషి ఉన్నారని తెలిస్తే వెళ్ళి అడగండి, సందేహించవద్దు.

ఎవరూ దొరకకపోతే? దేవుడి మీద ప్రేమతో కలిగే ఉత్తమ మనస్తాపం ఉండి, వీలు దొరకగానే పాపసంకీర్తనం చేస్తాననే ఉద్దేశం ఉంటే, చావైన పాపాలూ క్షమించబడతాయని తిరుసభ బోధ. మంచం పక్కన కూర్చుని ఆమె చెవిలో ఉత్తమ మనస్తాప ప్రార్థన నెమ్మదిగా, ఒక్కో మాటా చెప్పండి. ఆ పని ఎవరైనా చేయవచ్చు, ఉపదేశిగారైనా, మనవరాలైనా.

అయ్యాక

ఫాదర్‌గారు ఇచ్చిన అపరాధ పరిహారం, అంటే ఐదు పరలోక జపాలో ఒక జపమాలో, వీలైతే గుడి దాటకముందే చేసేయండి. ఆ తర్వాత మర్చిపోతారు. ఏం చెప్పారో వినబడకపోతే అప్పుడే మళ్ళీ అడగండి. చేయలేనిది ఇస్తే మార్చమని అడగవచ్చు.

డబ్బేమీ ఇవ్వక్కర్లేదు. పూజ చెప్పించుకుంటే కానుక ఇస్తాం, దీనికి ఏ రుసుమూ లేదు. ఎవరైనా అడిగితే ఇవ్వకండి.

పాత పాపసంకీర్తనం చెల్లిందో లేదో అన్న అనుమానం మళ్ళీ మళ్ళీ పీడిస్తుంటే, ప్రతిసారీ కొత్త ఫాదర్‌గారి దగ్గరికి పోయి మొదటినుంచీ చెప్పకండి. ఒకే గురువును పట్టుకుని, "చిన్నప్పుడు ఒకటి కావాలని దాచాను" అనో, "దాచలేదు గానీ అనుమానం" అనో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. దాచినట్టయితే, నాటినుంచి చేసిన చావైన పాపాలు మళ్ళీ చెప్పుకోవాలి, ఆయన ప్రశ్నలడిగి సాయం చేస్తారు. ఉత్త అనుమానమే అయితే ఆయన వదిలేయమంటారు, వదిలేయండి.